అడగండి, చెప్పుకుందాం: లావెండర్ తోటలో పిల్లలతో ఒక పూట

పోయిన నెల మాటల్లో మాటగా మా మనవలతో లావెండర్ తోటకెళ్ళిన సంగతి రెండు లైన్లు రాశాను, అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. బెజవాడ, గుంటూరుల నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళేవాళ్ళు ఇంతమంది ఉన్నారా అనుకున్నా, ఉంటారులెండి, మా అపార్ట్‌మెంట్‌లోనే ఏడు ఫ్లాట్లకి తాళాలేసున్నాయి ఇప్పుడు. అందుకని ఈసారికి మోకాళ్ళ నూనెలు, అత్తగారి తగాదాలు పక్కన పెట్టి ఇవే చూద్దాం.

ప్రశ్న: అమ్మా, జులైలో సియాటిల్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడికి దగ్గర్లో ఏదో లావెండర్ తోటంట, మనమే కత్తెర పట్టుకుని కోసుకోవచ్చంట, పిల్లలతో పాటు నన్నూ రమ్మంటోంది. మనవడికి ఎనిమిదేళ్ళు, మనవరాలికి నాలుగు. దానికి తేనెటీగలంటే హడల్. నాకు మోకాళ్ళ నొప్పులు. ఏమేం చూసుకోవాలి, అసలు అంతదూరం వెళ్ళడం దండగేమో చెప్పు. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: దండగేం కాదు పిన్నిగారూ. మీ అమ్మాయి చెప్పేది స్క్విమ్ అనే ఊరై ఉంటుంది, బోర్డు మీద అక్షరాలు చూస్తే సెక్విమ్ అని చదువుతాం, మేమూ అలాగే చదివి నవ్వులపాలయ్యాం, అక్కడివాళ్ళు స్క్విమ్ అంటారు. ఉత్తర అమెరికా లావెండర్ రాజధాని అని చెప్పుకుంటారు దాన్ని. సియాటిల్ అంటే ఎప్పుడూ తుంపర్లు పడే ఊరు కదా, మరి రెండు మూడు గంటల దూరంలో ఉన్న ఈ ఊళ్ళో ఎండలో పెరిగే మొక్క ఎలా వచ్చిందా అని నాకూ డౌటొచ్చింది. ఒలింపిక్ కొండలు అడ్డం ఉన్నాయి, సముద్రం వైపు నుంచి వచ్చే మబ్బులు కొండలకి అటువైపే కురిసేస్తే ఇటువైపుకి మిగిలేది తక్కువ, ఏడాదికి ఓ 16 అంగుళాల వాన అంతే. మన బెజవాడలో 40 అంగుళాలకి దగ్గరగా పడుతుంది, పోల్చుకోండి.

దారిలో కారుతో సహా ఓడెక్కాలి. మన కృష్ణలో పంటు మీద బళ్ళెక్కించినట్టే, కాకపోతే అది నాలుగంతస్తుల పంటు. మా మనవడికి లావెండర్ కంటే అదే ఎక్కువ నచ్చింది, రెండు వారాలు దాని బొమ్మే గీశాడు. జులై శనాదివారాల్లో ఫెర్రీకి క్యూ ఘోరంగా ఉంటుంది, పైగా జులైలోనే ఆ ఊళ్ళో లావెండర్ పండగ, ఆ పండగ రోజుల్లో మాత్రం పిల్లలతో వెళ్ళకండి, మన కనకదుర్గమ్మ గుడికి మూలా నక్షత్రం రోజున వెళ్ళినట్టుంటుంది. మామూలు రోజు, అదీ చిన్న తోట చూసుకోమనండి. పెద్ద తోటల్లో ట్రాక్టర్ బండి, షాపు, ఫొటోలకి బల్లలు అన్నీ ఉంటాయి గానీ పిల్లలు ఆ షాపులోంచి బయటికి రారు. మేం వెళ్ళింది ఓ ముసలి మొగుడూ పెళ్ళాం చూసుకునే తోట, గేటు దగ్గర ఓ బుట్టలో కత్తెరలు, రబ్బరు బ్యాండ్లు, ఓ డబ్బా, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. వాట్సాప్‌లో చూసే ఫొటోలో నేలంతా వంకాయ రంగు దుప్పటి పరిచినట్టుంటుంది కదా. వెళ్ళి నిలబడితే అలా ఉండదు. వరస వరసకీ మధ్య నడిచే దారి, కంకర, మధ్యలో బూడిద రంగు ఆకులు, వాటి మీద సన్న సన్న కంకులు. నేనైతే దిగగానే, ఇంతేనా, దీనికా పంటెక్కి వచ్చింది అనుకున్నా. మా చిన్నది మాత్రం దిగీదిగగానే నోరు తెరిచేసింది. తర్వాత దాని చెప్పు ఊడితే తొడుగుదామని కూర్చున్నప్పుడు తెలిసింది, దాని ఎత్తు నుంచి చూస్తే వరసల మధ్య ఖాళీ కనపడదు, కళ్ళ ముందు పువ్వే, ఆ వెనక పువ్వే, చివరిదాకా ఊదా రంగే. ఫొటోలు తీసేవాళ్ళు చేసేదీ అదే, వంగి తీస్తారు. మీ మోకాళ్ళకి వంగడం కష్టం కాబట్టి ఓ మడత స్టూలు కార్లో పడెయ్యమనండి, దాని మీద కూర్చుంటే మీరూ పిల్లల ఎత్తుకి వస్తారు, కొయ్యడానికీ అదే సుఖం. ఆ స్టూలు లేక నేను పడ్డ అవస్థ రెండ్రోజులు వదల్లేదు.

తేనెటీగలు ఉంటాయి. అబద్ధం చెప్పి తీసుకెళ్ళకండి పిల్లని, ఉండవని చెప్పి అక్కడ చూపిస్తే ఇంక మీ మాట జన్మలో నమ్మదు. వందల్లో ఉంటాయి, తోటంతా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడ్డట్టు గుయ్యిమంటూ ఉంటుంది. కానీ తేనె కోసం పువ్వు మీద పనిలో ఉన్న ఈగకి మనిషి మీద ధ్యాస ఉండదు, దాన్ని చేత్తో నలిపినా కాలితో తొక్కినా మీదికి చెయ్యి విసిరినా అప్పుడే కుడుతుంది. మా మనవరాలికి ఆ తోటావిడ నేర్పిన కిటుకు ఏంటంటే, కొయ్యబోయే కాడని ముందు చిన్నగా ఓసారి ఊపాలి, ఈగ ఉంటే లేచి పక్క పువ్వుకి పోతుంది, అప్పుడు కొయ్యాలి. ఇంకోటుంది అక్కడ, బొద్దుగా బొచ్చుగా మన తుమ్మెదలాగా, బంబుల్ బీ అంటారు, అది వాలితే కాడ మొత్తం నేల వైపుకి వంగిపోతుంది, ఎగిరిపోగానే టప్పున లేస్తుంది. అది చూశాక మా పిల్లలకి భయం పోయి ఆట మొదలైంది, ఎవరి ముందు ఎన్ని కాడలు వంగాయని లెక్క. మీ మనవరాలికి ముందురోజే ఈ ఊపడం సంగతి చెప్పి ఇంట్లో ఏదో పూలమొక్క మీద ప్రాక్టీస్ చేయించండి.

కాళ్ళకి బూట్లు ఉండాలి, చెప్పులు, శాండిల్స్ వద్దు, పడిపోయిన పూల మీద కూడా ఈగలుంటాయి. ఒంటికి సెంటు, జడకి వాసన నూనె ఆ రోజుకి మానెయ్యండి. కుట్టిందే అనుకోండి, తేనెటీగ ముల్లు చర్మంలో వదిలేసి పోతుంది, అది ఉన్నంతసేపూ విషం దిగుతూనే ఉంటుంది, కాబట్టి ఏటీఎం కార్డు అంచుతోనో గోటితోనో వెంటనే గీకి తీసెయ్యాలి, సబ్బు నీళ్ళతో కడిగి ఐసు పెట్టాలి. మన ఇళ్ళల్లో సున్నం రాస్తారు, పిల్లల చర్మానికి అది కుట్టినదానికంటే ఎక్కువ మండుతుంది, వద్దు. కుట్టిన చోట వాపు, దురద మామూలే. పెదాలు, మొహం వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, వాంతులు మొదలైనా మాత్రం అల్లుడుగార్ని అడుగుదాం ఆగు అనుకోకుండా అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911 కొట్టెయ్యడమే. పిల్లలకి ఉబ్బసం ఉంటే ఇన్హేలర్ కార్లో కాదు, చేతి సంచిలో ఉండాలి.

నీడ బొత్తిగా ఉండదు. గాలి చల్లగా ఉంటుంది కాబట్టి మన గుంటూరు వాళ్ళకి ఎండ లెక్కే అనిపించదు, 25 డిగ్రీలకి ఎండేంటమ్మా అంటాం, సాయంత్రానికి పిల్లల ముక్కులు ఎర్రగా కందిపోతాయి. టోపీలు, నీళ్ళు, సన్‌స్క్రీన్. ఉదయం మంచు తడి ఆరగానే వెళ్ళిపోవడం మంచిది, కోతకీ అదే మంచి టైము, తడి మీద కోసిన కట్ట బూజు పడుతుంది, మధ్యాహ్నం దాకా ఆగితే ఎండకి వాసన కొంత పోతుంది. నాలుగేళ్ళ పిల్లకి గంటన్నర చాలు. ఆ గంటన్నరలో ఓ అరగంట అది పువ్వులు కొయ్యదు, కంకర రాళ్ళు ఏరుతుంది. ఏరనివ్వండి. అంత దూరం వచ్చి రాళ్ళేంటే అని మా అమ్మాయి గోల చేస్తే నేనే ఆపాను, ఆ రాళ్ళు ఇప్పటికీ వాళ్ళింట్లో కిటికీ గట్టు మీదే ఉన్నాయి, కోసిన పువ్వులు ఎప్పుడో పోయాయి.

కోత గురించి. పీకకూడదు, ఇది పిల్లలకి మొదటే చెప్పాలి. లావెండర్ మొక్క కింద భాగం కట్టెలా ఉంటుంది, బాగా చూసుకుంటే పదేళ్ళు పైనే బతుకుతుంది, పీకితే కొమ్మ కట్టెతో సహా చీలి వస్తుంది, కట్టె దాకా కోసేసినా అక్కడ మళ్ళీ చిగురు రాదు. పచ్చ కాడ మీద, కింద రెండంగుళాల పచ్చదనం మొక్కకి వదిలి కొయ్యాలి. ఏ కంకి కొయ్యాలి అంటే, ఎండబెట్టుకోవడానికైతే కింది మొగ్గలు మూడోవంతో సగమో విచ్చి పైవి ఇంకా ముడుచుకునే ఉన్నవి. మొత్తం విచ్చినవి ఈగలకి వదిలెయ్యండి, ఎండితే ఎలాగూ రాలిపోతాయి.

కోశాక ఒక కాడని పిల్లాడి చేతికిచ్చి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించమనండి. దొర్లదు, టక్ టక్ మని ఆగుతుంది. గుండ్రంగా ఉండదు, నలుపలకలుగా ఉంటుంది. మా ఎనిమిదేళ్ళవాడు ఇది కనిపెట్టి ఎంత సంబరపడ్డాడో, ఇది నకిలీ పువ్వా అమ్మమ్మా, పెన్సిల్‌లాగా చేశారా అని. ఇంటికొచ్చాక వాళ్ళమ్మ పెరట్లో పుదీనా కాడ పట్టుకోమన్నా, అదీ నలుపలకలే. తులసి, పుదీనా, మన మరువం, వామాకు, ఈ లావెండరూ అన్నీ ఒక కుటుంబం మొక్కలు. మీ వాడికి ముందే చెప్పకండి, వాడే కనుక్కోవాలి.

పిల్ల పిడికిట్లో పట్టినన్ని కాడలు ఒక కట్ట. దారంతో కట్టకండి, ఎండేకొద్దీ కాడలు సన్నబడి జారిపోతాయి, రబ్బరు బ్యాండే వెయ్యాలి, అదీ వాటితో పాటు బిగుసుకుంటుంది. చీకటిగా, గాలి ఆడే చోట తలకిందులుగా రెండు వారాలు వేలాడదీస్తే ఎండుతుంది, గరాజ్ ఉంటే అక్కడ. తిరుగు ప్రయాణంలో కారు అద్దాలు కొంచెం దించుకోండి, నాలుగు కట్టలు మూసిన కార్లో రెండు గంటలంటే తలనొప్పే.

ప్రశ్న: లావెండర్ పువ్వు తినొచ్చా? అక్కడ లావెండర్ ఐస్‌క్రీం అమ్ముతారంట. మా పిల్లాడు ఏది కనపడితే అది నోట్లో పెడతాడు. (భవానీపురం, విజయవాడ)

జవాబు: ఐస్‌క్రీం తినొచ్చు, లెమనేడ్ తాగొచ్చు, మా వాడు ఒక నాకు నాకి సబ్బులా ఉందని నాకిచ్చాడు, నిజంగానే లావెండర్ ఎక్కువైతే సబ్బు తిన్నట్టే ఉంటుంది. వంటకి వాడేది ఇంగ్లీష్ లావెండర్ అనే రకం, పొట్టిగా ఉంటుంది, తియ్యటి వాసన. లావెండిన్ అని ఇంకోటుంది, పొడుగు కాడలు, పెద్ద గుబురు, నూనె ఎక్కువ ఇస్తుంది, దాంట్లో కర్పూరం ఘాటు ఎక్కువ. ఆ వరసలోకి వెళ్ళగానే మా చిన్నది ముక్కు పైకెత్తి "గుడి వాసన" అంది, నాకు ఆ మాటతోనే తేడా తెలిసింది. తోటవాళ్ళు వంటకని విడిగా అమ్మేది కొనుక్కోండి, వరసలో కోసినదాని మీద ఏం చల్లారో మనకి తెలీదు. కాచే పాలల్లో చిటికెడు వేసి వడగట్టి పాయసం చేస్తే బాగానే ఉంటుంది, చిటికెడంటే చిటికెడే. ఇంక సీసాల్లో అమ్మే లావెండర్ నూనె మాత్రం పిల్లలకి అందే ఎత్తులో పెట్టకండి, అది తాగేది కాదు, ఒక గుక్క కూడా ప్రమాదమే, నేరుగా చర్మానికి రాయడమూ వద్దు.

ప్రశ్న: మేడమ్, మాకు కొల్లిపర దగ్గర పొలం ఉంది. మిరపకాయలు కోయించాలంటే కూలీకి డబ్బులిచ్చి, ఆటో పెట్టి, టీ కూడా ఇస్తాం. మా ఆవిడ మీ శీర్షిక చదివి అమెరికా వెళ్ళి అబ్బాయి డబ్బులతో పువ్వులు కోస్తానంటోంది. కోసేది మనమే, డబ్బులిచ్చేదీ మనమేనా? ఇదెక్కడి న్యాయం? (గుంటూరు జిల్లా)

జవాబు: అన్నయ్యగారూ, మా ఆయనదీ ఇదే పాట, గేటు దగ్గర బోర్డు చదివి, "మనల్ని పన్లో పెట్టుకుని జీతం మనదగ్గరే తీసుకుంటున్నారే" అన్నారు. కానీ మీరు రైతు కాబట్టి లెక్క మీకే బాగా తెలియాలి. ఎకరం రెండెకరాల తోటవాడు కూలీని పెట్టి కోయించి, నూనె తీసి, పెద్ద కంపెనీలతో పోటీ పడి అమ్మాలంటే ఏం మిగులుతుంది? అదే పిల్లలున్న పది కార్లొస్తే కోత ఖర్చు లేదు, రవాణా లేదు, దళారీ లేడు, గేటు దగ్గరే చేతికి డబ్బు. పైగా మా ఇద్దరు పిల్లలు గంటన్నరలో కోసినది మీ మిరప తోటలో ఒక కూలీ అయిదు నిమిషాల్లో కోస్తుంది, అంటే ఎవరు ఎవరికి లాభమో చూడండి. ఒకటి మాత్రం ఆవిడకి చెప్పి పంపండి, కొన్ని చోట్ల గేటు టికెట్టు వేరు, కట్ట లెక్క వేరు, కొన్ని చోట్ల సంచి నింపుకుంటే ఒకటే రేటు. ముందు అడిగి కొయ్యాలి. మా పిల్లాడు ఉత్సాహంలో ఏడు కట్టలు కోసేశాడు, కోసింది మళ్ళీ మొక్కకి అతికించలేం కదా, ఆయన జేబు తీస్తూ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ప్రశ్న: ఆంటీ, నేను పటమటలో ఉంటాను. మా పాప కోసం ఆన్‌లైన్‌లో లావెండర్ మొక్క 450 పెట్టి తెప్పించా, సంక్రాంతికి బాగానే ఉంది, ఎండాకాలం ఈడ్చింది, వినాయక చవితికి చచ్చిపోయింది. రెండోసారి ఇంకోటి కొన్నా, అది బతికింది గానీ వాసనే లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నా?

జవాబు: నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా, రోజూ నీళ్ళు పోసుంటావు, అంతే. ఆ మొక్క పుట్టింది మధ్యధరా సముద్రం చుట్టుపక్కల రాళ్ళ గుట్టల మీద, ఎండ ఎంతైనా తట్టుకుంటుంది, కానీ పొడి ఎండ కావాలి. మనకి మే నెల ఎండతో పాటు ఒళ్ళు జిడ్డోడే ఉక్క, రాత్రి కూడా వేడి తగ్గదు, ఆ వెంటనే జూన్ నుంచి వానలు. వేరు కుళ్ళిపోతుంది. గుంటూరు వైపు నల్లరేగడి అయితే ఇంక చెప్పక్కర్లేదు, నీళ్ళు పట్టుకుని వదలదు, పత్తికీ మిరపకీ బంగారం, దీనికి బురదగుంట. ఇంగ్లీష్ లావెండర్‌కి చలికాలం చలి కూడా తగలాలి, మన జనవరి దానికి చలి కిందే లెక్క కాదు.

వాసన లేని రెండోది లావెండర్ అయ్యుండదు. ఆకు తుంచి నలిపి వాసన చూడు, పువ్వు లేకపోయినా లావెండర్ ఆకు ఘుమఘుమలాడుతుంది, నలిపినా రాలేదంటే ఊదా రంగు పూల సాల్వియా లాంటిదేదో అంటగట్టారు. మళ్ళీ కొనాలనిపిస్తే అంచులు రంపంలా పళ్ళు పళ్ళుగా ఉన్న ఆకు రకం చూసుకో, అది మన వేడికి కాస్త నయం. మట్టికుండీ, సగానికి సగం ముతక ఇసుక, చిన్న గులకరాళ్ళు, పైన మట్టి వేలు పెడితే పొడిగా తగిలితేనే నీళ్ళు. అక్టోబర్ చివర్లో పెట్టుకుని మార్చి దాకా చూసుకుని మురిసిపో, బంతి మొక్కలాగే సీజన్ మొక్క అనుకుంటే ఏడుపుండదు. పాప నలిపి వాసన చూడ్డానికే అయితే వామాకు, మరువం పెట్టు, చచ్చిపొమ్మన్నా చావవు.

ప్రశ్న: మేం అమెరికా వెళ్ళే బాపతు కాదు. ఇద్దరు పిల్లలు, సెలవులు, ఇండియాలో లావెండర్ ఎక్కడన్నా ఉందా? లేదా మన దగ్గరే పిల్లలు చేత్తో పువ్వులు కోసుకునే చోటు ఏదన్నా? (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: ఉంది. జమ్మూ వైపు దోడా జిల్లాలో భదేర్వా అనే లోయ, చిన్న కాశ్మీర్ అంటారు. అక్కడ మొక్కజొన్న వేసుకునే రైతుల చేత జమ్మూలో ఉన్న సీఎస్ఐఆర్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ, వాసన మొక్కల సాగు కోసం పెట్టిన అరోమా మిషన్ కింద లావెండర్ వేయించింది, మొక్కలిచ్చి, నూనె తీసే యంత్రాలు కూడా పెట్టించి. పేపర్లలో పర్పుల్ రెవల్యూషన్ అని రాస్తారు చూడండి, అదే. జూన్, జులైలో పూస్తుంది. కానీ అవి నూనె కోసం వేసిన చేలు, వచ్చినవాళ్ళు కోసుకోవడానికి పెట్టినవి కావు, రైతుని అడిగి ఒక గుప్పెడు కోసుకోవాలంతే. జమ్మూ నుంచి ఘాట్ రోడ్డు మీద ఒక పూటంతా పడుతుంది, కడుపులో తిప్పే పిల్లలైతే ఆలోచించుకోండి.

ఇంక మన దగ్గర. ఏవండీ, మనది మల్లెపూల ఊరు. అటు మైలవరం వైపు, ఇటు మంగళగిరి దగ్గర నిడమర్రు, బేతపూడి, ఎర్రబాలెం వైపు మల్లె తోటలున్నాయి, బెజవాడ నుంచి ఆటోలో వెళ్ళొచ్చేంత దూరం. వీటికి టికెట్టు లేదు, బోర్డు లేదు, కత్తెరల బుట్టా ఉండదు. తెలిసినవాళ్ళ ద్వారా రైతుని అడగాలి, ఒక్కోరు సరే అంటారు, ఒక్కోరు పిల్లలా, వద్దులెండి అంటారు, బలవంతం చెయ్యకండి. నేను మా పనమ్మాయి వాళ్ళ మేనమామని అడిగించుకుని పోయిన ఏప్రిల్‌లో మనవలు వచ్చినప్పుడు తీసుకెళ్ళాను.

తెల్లారి అయిదింటికి ఉండాలి తోటలో, తొమ్మిదింటికి వెళ్తే పని అయిపోయి ఉంటుంది. సాయంత్రం విచ్చే మొగ్గని పొద్దున్నే కోసి మార్కెట్‌కి పంపాలి కదా. ఏ మొగ్గ కొయ్యాలన్నది పెద్ద విద్య. పచ్చగా ఉన్నది రేపటిది, తెల్లగా నిండుగా ఉబ్బి, ముడుచుకునే ఉన్నది ఇవ్వాళ్టిది, విచ్చేసినది నిన్న వదిలేసినది, దానికి ధర రాదు. కోసేది దాదాపు ఆడవాళ్ళే, ఒడికి కట్టిన గుడ్డలోకి రెండు చేతులతో కోస్తుంటే వేళ్ళు కనపడవు. మా వాడు పది మొగ్గలు కోసేసరికి పక్కనున్నావిడ ఒడి సగం నిండింది, వాడి పదిలో నాలుగు పచ్చివి, ఆవిడ అవి ఏరి వాడి చేతిలోనే పెట్టి, "ఇయి రేపు పూసేయి నాయనా, ఆకలేసి ఏడుస్తన్నాయి చూడు" అంది. ఆ తర్వాత వాడు ఒక్క పచ్చి మొగ్గ ముట్టుకోలేదు, అమెరికా తోటలో అంత శ్రద్ధగా వాడు కొయ్యలేదు.

జాగ్రత్తలు వేరే. ఆ టైములో చీకటి, మొదళ్ళ దగ్గర పురుగూ పుట్రా ఉంటాయి, బూట్లు, టార్చి తప్పనిసరి, పిల్లలు పెద్దవాళ్ళ వెనకే నడవాలి. మొగ్గ తొలిచే పురుగుకి మందు కొడతారు, ఎప్పుడు కొట్టారో రైతుని ముందే అడగండి, రెండ్రోజుల్లో కొట్టి ఉంటే ఆ వారం మానెయ్యండి, కోశాక చేతులు కడగందే ఏమీ తిననివ్వకండి. కోతవాళ్ళకి కిలో లెక్కన కూలి, మనం వాళ్ళ దారికి అడ్డం నిలబడి ఫొటోలు దిగితే వాళ్ళకి డబ్బు పోయినట్టే. మన పిల్లలు కోసినది తూకం వేయించి ఆ రోజు రేటుకి కొనేసుకోవాలి, పెళ్ళిళ్ళ సీజన్‌లో రేటు మండిపోతుంది, అయినా సరే.

ప్రశ్న: లావెండర్ దేవుడికి పెట్టొచ్చా? జడలో పెట్టుకోవచ్చా? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: మరువం పెడుతున్నాం కదా, దాని చుట్టమే ఇది, నేను పెట్టాను, మా అమ్మాయి వాళ్ళ ఫ్రిజ్ పక్కన ఉన్న వెంకటేశ్వరస్వామి ఏమీ అనలేదు. జడలోకి మాత్రం పనికిరాదు, కాడ బిరుసు, మాల కట్టబోతే విరిగిపోతుంది, ఒక రెమ్మ క్లిప్పులో దోపుకోవడమే.

ప్రశ్న: కోసిన లావెండర్ ఇండియాకి తెచ్చుకోవచ్చా? మొక్క కూడా తేవాలనుంది. (మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: మొక్క ఆశ వదులుకోండి, మొక్కలకీ విత్తనాలకీ ముందే ఇక్కడ పర్మిట్, అక్కడ ఫైటోసానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కకి చీడపీడలు లేవనే కాగితం ఉండాలి, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, ఒకవేళ వచ్చినా పైన పటమట అమ్మాయి కథే. సబ్బులు, తోటలోనే కుట్టి అమ్మే చిన్న గుడ్డ సంచులు తెచ్చుకోండి, అడిగితే కస్టమ్స్‌లో దాచకుండా చూపించండి. చీరల బీరువాలో కలరా ఉండల బదులు పెట్టుకుంటే ఆ ఘాటు లేకుండా బాగుంటుంది, మన ఉక్కకి వాసన తొందరగా తగ్గుతుంది, అప్పుడప్పుడు సంచిని వేళ్ళతో నలుపుతూ ఉంటే మళ్ళీ వస్తుంది. ఒకటి మాత్రం చూసుకోండి, వెళ్ళేటప్పుడు ఆవకాయ పట్టుకెళ్ళిన సూట్‌కేసులో పెట్టకండి. నేను పెట్టాను. ఎనిమిది నెలలైంది, నా కంచిపట్టు చీర ఇప్పటికీ అటు లావెండరూ కాదు ఇటు ఆవపిండీ కాదు.